ఆటగానికి అన్నం పెట్టేదెవరు?

ఏ కళాశాల వార్షిక సంచికను తెరచినా పాఠకులు ముందుగా చూచేది ఛాయాచిత్రాల పుటలనే. కమిటీ పెద్దలు, అధ్యాపక బృందం, ఆ తరువాత క్రీడా జట్లు. కప్పును మధ్య నిలుపుకొని, చేతులు కట్టుకొని నిలుచున్న యువకుల ముఖాలలో లోకాన్ని జయించిన కళ తొణికిసలాడుతుంది. పాత సంచికలు తిరగవేసిన వారికి మాత్రం ఒక సందేహం కలుగక మానదు. ఈ పిల్లలు ఆ తరువాత ఏమైనారు? విచారిస్తే తెలిసేది ఏమంటే, కొందరు కైకలూరు వైపు చేపల చెరువుల మీద లెక్కలు వ్రాస్తున్నారు, కొందరు గల్ఫ్ దేశాలకు వెళ్లినారు, కొందరు తండ్రిగారి దుకాణంలో కూర్చున్నారు. ఏ వృత్తీ చిన్నది కాదు. కాని వీరిలో మైదానంలో నిలిచినవారు ఎవరూ లేరు.

"ఆట కూడు పెడుతుందా?" అని తెలుగు ఇంట తండ్రి అడుగుతాడు. చదివితే నవాబువవుతావు, ఆడితే ఖరాబవుతావు అని ఉర్దూ ఇంట అబ్బాజాన్ హెచ్చరిస్తారు. భాషలు రెండైనా బెంగ ఒక్కటే. ఆ బెంగను తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. నా అభిప్రాయమేమంటే, ఆ ప్రశ్నను మనం సగమే అడుగుతున్నాము. ఆట తనంత తాను ఎవరికీ కూడు పెట్టదు, ఆటగానికి ఎవరో ఒకరు అన్నం పెడతారు. ఆ పెట్టే చేయి ఎవరిది, పెట్టినందుకు ఆ చేయి ఏమి కోరుతుంది అన్నదే అసలు ప్రశ్న.

ఆటకు జీతమన్న మాట బాహాటంగా వినిపించిన తొలి సందర్భాలలో ఒకటి అమెరికాలో జరిగినది. బేస్‌బాల్ అని వారికొక ఆట ఉన్నది, అది మన క్రికెట్టుకు దాయాది వంటిది. 1869లో సిన్సినాటి నగరపు రెడ్ స్టాకింగ్స్ జట్టు తన ఆటగాళ్లందరికీ దాపరికం లేకుండా జీతాలిచ్చి ఆడించినది. నాయకుడు హారీ రైట్‌కు 1,200 డాలర్లు, అతని తమ్ముడు జార్జి రైట్‌కు అంతకన్న ఎక్కువగా 1,400 డాలర్లు. ఆ ఏడు ఆ జట్టు ఓటమి ఎరుగదు. ఆ అన్నదమ్ముల తండ్రి న్యూయార్కులో ఒక క్రికెట్ క్లబ్బు కొలువులో ఉండినవాడే. అనగా బేస్‌బాల్‌కు జీతపు మర్యాద నేర్పిన ఇల్లు క్రికెట్ ఇల్లే.

ఆ క్రికెట్ పుట్టిన ఇంగ్లండులో మాత్రం జీతం పుచ్చుకొని ఆడేవాడు ఒక మెట్టు క్రింద. పైకము ముట్టనివాడు 'జెంటిల్‌మన్', ముట్టినవాడు ఉత్త 'ప్లేయర్'. పెక్కు మైదానాలలో వారికి బట్టలు మార్చుకొనే గదులు వేరు, లోనికి వచ్చే గుమ్మాలు వేరు. జీతగాడైన హట్టన్ ఇంగ్లండు జట్టుకు నాయకుడు కావడానికి 1952 దాకా వేచి ఉండవలసి వచ్చినది. ఈ వర్గభేదం 1962తో గాని రద్దు కాలేదు. కులభేదాలను గురించి మనకు ఉపన్యాసాలిచ్చిన దొరలు తమ మైదానంలో పెంచుకొన్న కులవ్యవస్థ ఇది!

మన దేశంలో ఆటనే నమ్ముకొని బ్రతికిన తొలివారిలో పల్వంకర్ బాలూను ముందుగా తలచుకోవాలి. దళిత కుటుంబంలో పుట్టి, పూనాలో తెల్లవారి క్లబ్బులో పిచ్ చదును చేసే పనికి కుదిరి, నెలకు నాలుగు రూపాయల జీతం మీద దొరలకు బంతులు వేసి, ఆ అభ్యాసంతోనే మహా బౌలర్ అయినాడు. 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీసినవాడు అతడే. అయినా హిందూ జట్టు నాయకత్వం అతనికి దక్కలేదు. అతని తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కినది. అన్నం పెట్టిన చేయి గౌరవం కూడా పెడుతుందన్న హామీ లేదని ఇక్కడే అర్థమవుతుంది.

ఇక మన తెలుగువాని దగ్గరకు వద్దాము. సి.కె. నాయుడు అన్న పేరు వినని విద్యార్థి ఉండడు గాని, కొఠారి కనకయ్య నాయుడు అంటే ఎవరని అడిగేవారు ఉంటారు. ఇద్దరూ ఒకరే. 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించినారు. వారి పెద్దలు మచిలీపట్నం వైపువారు, అనగా మన కొల్లేటికి ఆవలి గట్టువారు అన్నమాట. కలిగిన కుటుంబమే, పూట గడవక మైదానానికి వచ్చినవారు కారు. 1916లో మొదలైన ఆ ఆట 1963-64లో ఒక సహాయనిధి పోటీతో ముగిసినది. అప్పటికి వారి వయస్సు 68 ఏళ్లు. ఇంత దీర్ఘమైన క్రీడాజీవితం ప్రపంచంలో బహు కొద్దిమందికి మాత్రమే లభించినది.

ఆ జీవితానికి ఆధారమైనది 1923లో జరిగిన ఒక చిన్న సంఘటన. ఇండోర్ హోల్కర్ మహారాజు వారిని పిలిపించి తన సైన్యంలో కాప్టెన్ పదవి ఇచ్చినారు. తరువాత కల్నల్ అయినారు. పదవి సైన్యానిది, పని మైదానంలోది. దీనిని ఎవరూ జీతపు ఆట అనలేదు. నాయుడు గారిని 'ప్లేయర్' అనే సాహసం ఏ దొరకూ కలుగలేదు. కాని వాస్తవమేమిటి? నెల తిరిగేసరికి ఇంటికి జీతం వచ్చే ఏర్పాటు ఉన్నది కనుకనే ఆ మహనీయుడు ముప్పయి ఏళ్లు నిశ్చింతగా బ్యాటు పట్టగలిగినారు. మన భాషలో దీనికి ఆస్థానమని పేరు. ఆస్థాన కవి ఉన్నాడు, ఆస్థాన విద్వాంసుడు ఉన్నాడు, ఆస్థాన మల్లుడు ఉన్నాడు. నాయుడు గారు ఆస్థాన క్రికెటర్.

ఆ కొలువు దేశానికి ఏమి ఇచ్చినదో చూడండి. 1926 డిసెంబరులో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయి జింఖానా మైదానంలో వారు రెండు గంటల లోపల 153 పరుగులు చేసినారు. అందులో 11 సిక్సర్లు! తెల్లవారి బంతులను తెల్లవారి జింఖానా పైకప్పుల మీదికి ఎగురగొట్టుతూ ఉంటే చుట్టూ ఉన్న జనానికి కలిగిన ఆనందం కేవలం క్రీడానందం కాదని వేరుగా చెప్పనక్కరలేదు. అతిథులే మెచ్చి వారికి వెండి బ్యాటు బహూకరించినారు. రెండేళ్లకు 1928లో మన దేశానికి క్రికెట్ బోర్డు ఏర్పడినది. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం తొలి టెస్టు ఆడినది. జట్టుకు నాయకుడుగా వెళ్లినది పోర్‌బందర్ మహారాజు. ఆయన తన ఆట ఎంతటిదో తనకు తెలిసిన వివేకి. పక్కకు తప్పుకొని నాయుడు గారికి పగ్గాలు అప్పగించినారు. చేతికి గాయమైనా నాయుడు గారు ఆ ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసి జట్టులో అందరికన్న మిన్నగా నిలిచినారు. ఆ పర్యటన మొత్తంలో మొదటి తరగతి పోటీలలో 1,618 పరుగులు, 65 వికెట్లు. మరుసటి ఏడు విజ్డెన్ గ్రంథం వారిని ఆ సంవత్సరపు అయిదుగురు మేటి క్రీడాకారులలో ఒకరుగా ఎన్నుకొన్నది.

టెస్టుల లెక్క మాత్రమే చూచేవారు ఏడు టెస్టులు, 350 పరుగులు అని పెదవి విరుస్తారు. ముప్పయి ఏడవ ఏట తొలి టెస్టు దక్కినవానిని ఆ కొలబద్దతో కొలవడం ఏమి న్యాయం?

ఇంతవరకు ఆస్థానపు వెలుగు. దాని నీడను 1936 చూపినది. ఆ ఏడు ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడు విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతి రాజు, లోకానికి విజ్జీ. ఆటగాడూ తెలుగువాడే, అధికారీ తెలుగువాడే. విజ్జీ క్రికెట్టు కోసం ధనాన్ని నీళ్లవలె ఖర్చు పెట్టినారు. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ప్రపంచ ప్రసిద్ధులను మన దేశానికి రప్పించిన ఘనత వారిదే. కాని ఆ ధనానికి బదులుగా కోరినది నాయకత్వం. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు 33. ఆయన నాయకత్వంలో లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలో ఇంటికి పంపివేసినారు. నాయుడు గారిని అవమానించినవారికి ఆదరం లభించిందని ఆనాటి వారు వ్రాసుకొన్నారు. విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని ముష్తాక్ అలీకి ఆశ చూపినారన్న కథ నేటికీ ప్రచారంలో ఉన్నది. ముష్తాక్ ఆ మాటను మర్చంట్‌కే చెప్పి నవ్వుకొన్నాడట. ఇద్దరూ కలిసి మాంచెస్టర్‌లో తొలి వికెట్టుకు 203 పరుగులు చేసినారు. ముష్తాక్ చేసిన 112 పరుగులు విదేశీ గడ్డ మీద భారతీయుని తొలి టెస్టు సెంచరీ. జట్టు తిరిగి వచ్చిన తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ జరిగి, ఆ నాయకత్వాన్ని తప్పు పట్టినది.

అదే పర్యటనలో, ఓవల్ మైదానంలో తన ఆఖరి టెస్టులో, నాయుడు గారు వేగపు బంతుల దెబ్బలు తింటూ 81 పరుగులు చేసినారు. మాటకు మాట బదులు చెప్పలేదు. జీతం ఇచ్చే రాజు ఒకరు, పెత్తనం చేసే రాజు మరొకరు అయినప్పుడు ఆటగానికి మిగిలేది తన బ్యాటు ఒక్కటే.

ఏలూరు విద్యార్థులకు ఈ విషయం వివరించి చెప్పనక్కరలేదనుకొంటాను. మన ఊరి తివాచీలకు విదేశాలలో పేరున్నది. ఆ పేరు వెనుక తరతరాలుగా మగ్గం ముందు కూర్చున్న ముస్లిం కుటుంబాల వ్రేళ్లున్నవి. నేత తెలిసినది నేతగానికి, కొలత నిర్ణయించేది, వెల కట్టేది వర్తకుడు. మంచి వర్తకుడు దొరికిన ఇంట పొయ్యి వెలిగినది. దొరకని ఇంట పిల్లవాడు వేరే పనికి పోయినాడు. నేత తక్కువై కాదు.

రాజుల కొలువును గురించి ఇంత చెప్పి, ఆ కొలువులో పూచిన ఒక మంచి పువ్వును చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇండోర్‌లో పదమూడేళ్ల ప్రాయంలో ఉన్న ఒక ముస్లిం బాలుని ఆట నాయుడు గారి కంట పడినది. అతడే ముష్తాక్ అలీ. చేరదీసి, తీర్చిదిద్ది, లోకానికి చూపినది నాయుడు గారే. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఉస్తాదు, షాగిర్దు అన్న మాటలలోని బరువు తెలుసు. తెలుగు ఉస్తాదు, ఉర్దూ షాగిర్దు! మన కళాశాల గోడ మీద ఈ ఇద్దరి చిత్రాలు ప్రక్కప్రక్కన ఉండదగినవి. బొంబాయి పంచకోణపు పోటీలలో హిందువులొక జట్టు, ముస్లిములొక జట్టు, పార్సీలొక జట్టుగా విడిపోయి ఆడే రోజులవి. ఆ పోటీలలో గురువు ఒక ప్రక్క, శిష్యుడు మరొక ప్రక్క. ఇండోర్ తిరిగి వచ్చిన తరువాత ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే డ్రెస్సింగ్ రూము. 1940లో గాంధీజీ మతాలవారీ పోటీలను వ్యతిరేకించినారు. 1946 నాటికి అవి ఆగిపోయినవి. హోల్కర్ జట్టు మాత్రం అంతకు ముందే దానికి జవాబు చెప్పుకొన్నది. ఆ జట్టు నాయుడు గారి కాలంలో నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచినది, ఆఖరిది 1952-53లో, వారి 57వ ఏట.

1945 రంజీ ఫైనల్‌ను గురించి ఒక ముచ్చట ఉన్నది. యుద్ధకాలంలో సైనికుడుగా మన దేశంలో ఉన్న డెనిస్ కాంప్టన్ హోల్కర్ పక్షాన ఆడినాడు. నూరు దాటిన ప్రతి పరుగుకూ ఇంత సొమ్ము ఇస్తానని ఒక వ్యాపారి మాట ఇచ్చినాడట. కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా తిరిగి వచ్చేసరికి ఆ వ్యాపారి అత్యవసరమైన పని మీద ఊరు విడిచి పోయినాడట! దాత మాట మీద బ్రతికేవాని గతి ఏమిటో తెలుపడానికి ఇంతకన్న మంచి కథ దొరకదు.

సంస్థానాలు విలీనమైనవి. కొలువులు పోయినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినది. ఆ సీజనులోనే రంజీ పోటీలలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టు పక్షాన 58వ ఏట నాయుడు గారు బరిలోకి దిగినారు. క్రొత్త రాష్ట్రపు క్రొత్త జట్టుకు అంతకన్న ఏ ఆశీర్వచనం కావాలి? 1956లో పద్మభూషణ్ వచ్చినది. 1956-57లో ఉత్తరప్రదేశ్ పక్షాన రంజీ ఆడినారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూసినారు. మరొక మాట. 1941లోనే ఒక లివర్ టానిక్ ప్రకటనలో వారి పేరు వాడుకొన్నారు. మన దేశంలో సరుకుల ప్రకటనకు పేరిచ్చిన తొలి క్రికెటర్ వారే అంటారు. నేటి తారలు టీవీలో శీతల పానీయాలు త్రాగి చూపినప్పుడు ఆ వంశవృక్షపు మూలపురుషుడు తెలుగువాడని గుర్తుంచుకోండి.

రాజు పోయిన తరువాత ఆటగానికి అన్నం పెట్టినది ఆఫీసు. హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆటగాళ్లు పోలీసు శాఖ కొలువులోనివారు. వారిని తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకాలు గెలిచినది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. పోలీసు శాఖ ఎవరినీ రాజును చేయలేదు, కాని ఎవరి పొయ్యినీ ఆరనివ్వలేదు. రైల్వేలు, బ్యాంకులు, విద్యుత్ సంస్థలు ఆ దారిన నడిచినవి. నా దృష్టిలో రాజు కొలువుకన్న ఈ కొలువు మేలు. ఇక్కడ దాత ముఖం చూడనక్కరలేదు, నియమావళి చూస్తే చాలును.

ఇప్పుడు వేలంపాటల కాలం. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనది. 2017లో హైదరాబాదు ఆటోడ్రైవరు గారి కుమారుడు మహమ్మద్ సిరాజ్‌ను 2 కోట్ల 60 లక్షలకు కొన్నారు. 2023లో మహిళలకూ లీగు వచ్చినది. ఇది చూచి మన పిల్లలందరూ సిరాజులు కాదలచుకొంటే తప్పు పట్టను. కాని వేలంలో పేరు పిలువబడేవారు కొన్ని వందలు, మైదానాలలో ఆడేవారు లక్షలు. ఆ లక్షలలో ఒకడు పదిహేడేళ్ల వయస్సు నుండి ఇరవై రెండేళ్ల దాకా నిలువగలిగితేనే ఏ ఆఫీసైనా, ఏ లీగైనా అతనిని చూచేది. ఆ అయిదేళ్లు అతనికి అన్నం పెట్టేదెవరు? ఆ అయిదేళ్లలో అతడు ఉండేది కళాశాలలో.

ఇక్కడే నా మాట కమిటీ పెద్దలకు. వేసవిలో కొల్లేటి నీరు తీసిన నేల మీద లంక గ్రామాల పిల్లలు ఆడే ఆటను ఒకసారి వెళ్లి చూడండి. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచయుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే వైపు వెళ్లి చూడండి. మన జిల్లాలకు ప్రతిభ కరవు లేదు. ఆ పిల్లవాడు మన కళాశాలలో చేరిన తరువాత జరిగేది ఏమిటంటే, తెల్లవారుజామున సాధన, ఆపైన ఖాళీ కడుపుతో మొదటి పీరియడు, హాజరు తగ్గితే పరీక్షకు అడ్డు, కాలు బెణికితే సొంత ఖర్చు. ఆడపిల్లల సంగతి ఇంకా క్లిష్టం. మైదానం ఖాళీ అయ్యే వేళకు వారికి ఇంటికి పోయే వేళ అవుతుంది. జిల్లా పోటీలలో గెలిస్తే మాత్రం కప్పు కళాశాలది. మనము విజ్జీ గారిని విమర్శించడం సులువు.

కళాశాల రాజు కానక్కరలేదు, పోలీసు శాఖ అయితే చాలును. పోటీలకు వెళ్లిన దినాలను హాజరుగా లెక్కించే నియమం కాగితం మీద ఉంటే చాలదు, నోటీసు బోర్డు మీద ఉండాలి. గాయాలకు కొంత నిధి ఉండాలి. వారంలో రెండు సాయంత్రాలు మైదానం ఆడపిల్లలకే విడిచిపెట్టాలి. అన్నిటికన్న ముందు, సాధన చేసిన ఉదయం ఒక గ్రుడ్డు, ఒక అరటిపండు, ఒక గ్లాసు పాలు. పదిహేను మంది ఆటగాళ్లు, నెలకు ఇరవై దినాలు, మనిషికి 25 రూపాయలు వేసుకొన్నా నెలకు 7,500 రూపాయలు. వార్షికోత్సవం నాడు షామియానాకు, పూలదండలకు, అతిథుల శాలువలకు మనం ఎంత వెచ్చిస్తున్నామో పద్దు పుస్తకం కమిటీవారి వద్దనే ఉన్నది. ఈ రెండు అంకెలను ఒకే కాగితం మీద ప్రక్కప్రక్కన వ్రాసి, వచ్చే సమావేశంలో చదివి వినిపించవలసినదిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.